సమ్మతి తెలుగులో, సారం ఇంగ్లీషులో



ఈ మారు పద్యం లేదు, ప్రతిపదార్థం లేదు. చాలాకాలంగా మనసులో నలుగుతున్న ఒక తగవు ఉన్నది. అది ప్రజారోగ్య పరిశోధనలను ప్రచురించే జర్నళ్ళతో. తెలుగు పండితునికి వైద్య పత్రికలతో ఏమి పని అని అడగబోయేవారు కొంచెం ఓపిక పట్టవలెను. నేను ఉద్యోగం చేసినది ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతంలో. అక్కడి పిల్లవాణ్ణి పద్యం చెప్పమని నిలబెడితే, నోరు విప్పగానే పలువరుస మీద గోధుమరంగు చారలు కనబడేవి. ఫ్లోరైడు నీళ్ళు త్రాగిన పళ్ళవి. అటువంటి తరగతి గదులలో జీవితం గడిపినవానికి ఆ నీళ్ళను గురించి ఎవరు ఏమి వ్రాశారో, ఎక్కడ వ్రాశారో, ఎవరికోసం వ్రాశారో అడిగే హక్కు ఉన్నదనే నా నమ్మకం.

జర్నల్ అనే వస్తువును ఎరుగని మిత్రులకోసం నాలుగు మాటలు. ఒక వైద్యుడో, ఒక పరిశోధకురాలో ఒక ప్రాంతానికి వెళ్ళి, ఎంతమందికి ఏ రోగం ఉన్నది, ఎవరికి లేదు, ఉన్నవారికీ లేనివారికీ తిండిలో, నీటిలో, పనిలో తేడా ఏమిటి అని లెక్కగట్టి వ్యాసం వ్రాసి పంపుతారు. అదే విద్యలో ఆరితేరిన మరి ఇద్దరు ముగ్గురు దానిని చదివి తప్పులెన్నుతారు. అవధానంలో పృచ్ఛకులవంటి వారనుకోండి. కాకపోతే వీరు సాధారణంగా తెర వెనుక కూర్చుంటారు. ఆ పరీక్షకు నిలిచినది అచ్చవుతుంది. మన దేశంలో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ 1913లో పుట్టినది. అమెరికాలో 1921లో అమెరికన్ జర్నల్ ఆఫ్ హైజీన్ అనే పేరుతో మొదలైన పత్రిక 1965లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఎపిడెమియాలజీ అయినది. ఈ పత్రికలవలన లోకానికి జరిగిన మేలును కాదనేవాడు కృతఘ్నుడు. పొగత్రాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సరుకూ ఉన్న సంబంధాన్ని డాల్, హిల్ అనే ఇద్దరు పండితులు 1950లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్కలతో చూపించారు. మా జిల్లా పొగాకు జిల్లా కూడాను. ఆ మాట విలువ మాకు తెలియకపోదు.

నా తగవు ఆ విద్యతో కాదు, ఆ విద్య మా ఊళ్ళకు వచ్చి వెళ్ళే తీరుతో.

పరిశోధకులు ఊరికి వచ్చినప్పుడు మొదట ఒక కాగితం తెస్తారు. దానిని సమ్మతి పత్రం అంటారు. మీ రక్తం తీసుకొంటాము, మీ మూత్రం తీసుకొంటాము, మీకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చును అని అందులో ఉంటుంది. అది తెలుగులో ఉంటుంది. ఉండి తీరవలెను. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నైతిక మార్గదర్శకాల ప్రకారం సమ్మతి పత్రం ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఉండవలసినదే. చాలా మంచిది. అయితే ఆ రక్తంలో, ఆ మూత్రంలో, ఆ నీళ్ళలో ఏమున్నదో తేలిన తరువాత వ్రాసే కాగితం ఏ భాషలో ఉంటున్నది? ఇంగ్లీషులో. ఎక్కడ అచ్చవుతున్నది? లండనులో, న్యూయార్కులో, లేదా ఢిల్లీలో. అడిగి పుచ్చుకొనేటప్పుడు మా భాష కావలసి వచ్చినది, ఇచ్చేటప్పుడు అక్కరలేకపోయినది. అప్పుపత్రం తెలుగులో వ్రాయించుకొని, చెల్లురసీదు మాత్రం లాటిన్‌లో ఇచ్చే షావుకారును మన పెద్దలు ఏమని పిలిచేవారో నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇది నా సొంత పెడసరం కాదు. ప్రపంచ వైద్య సంఘం 1964లో హెల్సింకీ నగరంలో ఒక ప్రకటన చేసినది. మనుషుల మీద చేసే పరిశోధనలకు అది ధర్మశాస్త్రం వంటిది. దాని 2013 సవరణలో, పరిశోధనలో పాల్గొన్నవారందరికీ దాని ఫలితాలను స్థూలంగానైనా తెలుసుకొనే అవకాశం ఇవ్వవలెనని ఉన్నది. 2024 సవరణ ఆ నియమాన్ని నిలుపుకొన్నది. ప్రతి జర్నల్‌లోనూ వ్యాసం చివర ‘హెల్సింకీ ప్రకటనను అనుసరించాము’ అని ఒక వాక్యం కనబడుతుంది. సంకల్పం చెప్పినంత శ్రద్ధగా వ్రాస్తారు. పూజ మాత్రం జరగదు.

ఇక నెల్లూరు సంగతి. ఫ్లోరైడు జబ్బు మన దేశంలో మొట్టమొదట జర్నల్‌కెక్కినది మా సీమ నుంచే. 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో షార్ట్, పండిత్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గురించి వ్యాసం ప్రకటించారు. అదే ఏడు షార్ట్ మరి ముగ్గురు వైద్యులతో కలిసి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో మద్రాసు రాజధాని అంతటికీ వర్తించే మరొక వ్యాసం వ్రాశారు. ఆనాటి నెల్లూరు జిల్లాలోవే దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. నడుములు వంగిపోయి, మెడ తిరగక, కీళ్ళు బిగుసుకొనిపోయిన మనుషులను ఆ వైద్యులు చూశారు. కారణం బావినీళ్ళలోని ఫ్లోరిన్ అని తేల్చారు. వారికి నా నమస్సులు. ఆ ముగ్గురిలో పండిత్ అన్నది ఇంటిపేరు. ఆయన చింతామణ్ గోవింద్ పండిత్. తరువాత భారత వైద్య పరిశోధన మండలికి మొదటి డైరెక్టరు అయినారు. ఆ పండితుని వ్యాసాన్ని ఈ పండితుడు చదవడానికి 80 ఏళ్ళు పైగా పట్టినది, అదీ ఉద్యోగ విరమణ తరువాత, వైద్యుడైన ఒక పూర్వ విద్యార్థి సహాయంతో.

ఇందులో ఇంకొక విశేషం ఉన్నది. దుక్కిటెద్దులు నడవలేకపోవడాన్ని మా రైతులు ముందుగా గమనించారనీ, వైద్యుల దృష్టి ఆ తరువాతనే ఇటు మళ్ళినదనీ ఈ వ్యాధి చరిత్ర చెప్పేవారు అంటారు. అంటే మొదటి పరిశీలకుడు రైతు. అతడు చూసిన దానిని శాస్త్రం తీసుకొన్నది, తూచినది, అచ్చువేసినది. తిరిగి అతనికి ఒక్క ముక్క అయినా చెప్పినదా? ఆ వ్యాసం ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతున్నది. డబ్బు గోడ లేదు. అయినా కనిగిరిలో నూటికి ఎందరు దానిని చదవగలరు? డబ్బు గోడ కూలినా భాష గోడ నిలిచే ఉన్నది.

నల్లగొండ కథా ఇటువంటిదే. ఇంకా హైదరాబాదు రాష్ట్రం ఉండగానే, 1955లో, సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు లాన్సెట్‌లో మరొక కొత్త సంగతి వెల్లడించారు. ఫ్లోరైడు ఉన్న ఊళ్ళలో ఎదిగే పిల్లలకు మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి తగిలేటట్లు కాళ్ళు వంకరపోతున్నాయి. మరుసటి ఏడు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లోనూ దానిమీద వ్రాశారు. జొన్న తినే ఊళ్ళు, నాగార్జునసాగర్ నీటి ఊటతో మారిన నేల, జొన్నలో పెరిగిన మాలిబ్డినం, శరీరంలో తగ్గే రాగి అని ఆ సంస్థవారి విచారణ ముందుకు సాగినది. జొన్న మనది, నేల మనది, వంకరపోయిన కాళ్ళు మన పిల్లలవి. నాగపూరులోని జాతీయ సంస్థ పటికా సున్నమూ కలిపి నీళ్ళలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించి దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టినది. ఆ పేరు ఆఫ్రికా దేశాల దాకా వెళ్ళినది. నల్లగొండ జర్నళ్ళలో విశ్వవిఖ్యాతమైనది. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యే నాటికి 1955 వ్యాసం వయస్సు 61 ఏళ్ళు. మధ్యలో పుట్టిన తరాల నడుములు ఎవరి లెక్కలో వేయవలెను?

ప్రభుత్వాలు నీళ్ళివ్వకపోతే పత్రికలనంటారేమిటి అని ఒకరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. నీళ్ళివ్వవలసినది ప్రభుత్వమే. కాని అడిగేవాడు ఉంటేనే ఇచ్చేవాడు కదులుతాడు. తన నీళ్ళలో ఏమున్నదో కాగితం మీద ఉన్న ఊరు అడిగే తీరు వేరు, ‘ఏదో శాపం’ అనుకొనే ఊరు అడిగే తీరు వేరు. పైగా ఫ్లోరైడు విషయంలో తెలియడమే సగం మందు. ఎముకలో ఒకసారి పేరుకొన్నదానిని వెనక్కు రప్పించడం కష్టం. పడకుండా చూసుకోవడమే చేయగలిగినది. ఒకే ఊరిలో ఒక బావికీ మరొక బావికీ ఫ్లోరైడులో తేడా ఉంటుంది. ఏది త్రాగవలెనో, ఏది గేదెలకూ గిన్నెలకూ వాడుకోవలెనో తెలిస్తే, పైపు వచ్చేదాకా తల్లి తన బిడ్డను కొంతైనా కాపాడుకోగలదు.

సుమారు 25 ఏళ్ళ క్రితం నేను పనిచేస్తున్న ఊరికి ఒక పరిశోధక బృందం వచ్చినది. ఏ సంస్థ అన్నది ఇక్కడ చెప్పను. బడి వరండాలో పెద్దలను కూర్చోబెట్టి సమ్మతి పత్రం నన్ను చదివి వినిపించమన్నారు. చదివాను. ఫలితాలు మీకు తెలియజేస్తాము అని అందులో ఒక వాక్యం ఉన్నది. ఒక ముసలామె నడుము మీద చెయ్యి వేసుకొని లేచి, ‘ఈళ్ళు చూసినాక మనకు చెబుతారా అయ్యోరా?’ అని అడిగినది. నేను ఆ బృందంలోని అమ్మాయి వంక చూశాను. ‘తప్పకుండా చెబుతామండీ మాస్టారూ’ అన్నది. ఆ పిల్ల అబద్ధమాడినదని నేను అనను. ఆమె చేతిలో ఏమీ లేదు. సీసాలలో నీళ్ళు పట్టుకొన్నారు, రక్తం తీసుకొన్నారు, పిల్లల పళ్ళకు ఫొటోలు తీశారు. వెళ్ళారు. ఏడాది చూసి ఆ సంస్థకు ఉత్తరం వ్రాశాను. మరొక ఏడాది చూసి జాబు కోసం స్టాంపు అంటించిన కవరు జతచేసి మళ్ళీ వ్రాశాను. ఆ కవరు నాకు తిరిగి రాలేదు.

నాలుగేళ్ళకు, అప్పుడు వైద్యం చదువుకొంటున్న నా విద్యార్థి ఒకడు కళాశాల గ్రంథాలయంలో ఆ వ్యాసం చూసి జిరాక్సు తీయించి తెచ్చాడు. మా ఊరి పేరు అందులో లేదు, ఒక అంకె ఉన్నది. పేరు దాచడం మంచిదే, ఆ మర్యాదను నేను తప్పుపట్టను. అయితే మూడవ పుటలోని పట్టికలో బావులవారీగా లెక్కలున్నాయి. గుడి దగ్గరి దిగుడుబావి నీళ్ళకంటె బడి ఆవరణలోని బోరు నీళ్ళలో ఫ్లోరైడు చాలా ఎక్కువ. ఆ నాలుగేళ్ళూ మా పిల్లలు మధ్యాహ్నం గంట కొట్టగానే ఆ బోరు దగ్గరికే పరుగెత్తారు. పట్టికలో ఉన్న ఆ ఒక్క వరుసను తెలుగులో ఒక పోస్టుకార్డు మీద వ్రాసి పంపి ఉంటే సరిపోయేది. మరునాటినుంచే గుడి బావినుంచి బిందెలతో తెప్పించుకొనేవాళ్ళం. ఆ వ్యాసం వ్రాసినవారికి పదోన్నతి వచ్చి ఉండవచ్చును, వచ్చిందంటే సంతోషమే.

సమ్మతి అయినా సవ్యంగా తీసుకొంటారా అంటే, అదీ సందేహమే. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకాను బడి ఆడపిల్లలకు ప్రయోగాత్మకంగా వేశారు. 2010 ఏప్రిల్‌లో దానిని ఆపివేశారు. సంభవించిన మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పినది. ఆ టీకా మంచిదే, నా అభ్యంతరం టీకా మీద కాదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో మన రాష్ట్రపు సమ్మతి పత్రాల లెక్క ఉన్నది. చూసిన 9,543 పత్రాలలో 2,763 మీద తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు చేశారు. 1,948 మీద వేలిముద్రలు. గిరిజన బిడ్డల శరీరాలకు వార్డెను చేత సంతకం పెట్టించుకొన్న దేశంలో, ఫలితాన్ని ఆ బిడ్డ తల్లికి చెప్పలేదని నేను వాపోవడం కొందరికి అత్యాశగా తోచవచ్చును.

ఇప్పుడు ప్రధానమైన ఆక్షేపణకు వస్తాను. ‘తెలుగులో ఈ శాస్త్రం చెప్పడానికి మాటలు లేవు.’ ఇది పెద్ద చదువులు చదివినవారి నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇంట్లో ఉన్న గాదెను తెరవకుండా గింజలు లేవనడం ఇది.

చరకసంహిత విమానస్థానంలో మూడవ అధ్యాయం పేరు జనపదోద్ధ్వంసనీయం. ఒక్కొక్కరి ప్రకృతి వేరు, తిండి వేరు, వయస్సు వేరు అయినప్పుడు జనపదం మొత్తానికి ఒకే వ్యాధి ఏకకాలంలో ఎందుకు వస్తుందని అందులో శిష్యుడు అడుగుతాడు. గాలి, నీరు, నేల, కాలం అనే నాలుగూ అందరికీ సమానం కనుక, అవి చెడితే అందరూ చెడుతారని గురువు చెబుతాడు. ఇంతకు మించి నేటి ప్రజారోగ్య శాస్త్రమంతా మనవాళ్ళు ఎప్పుడో చెప్పేశారని గంతులు వేసే జాతికి నేను చెందను. లెక్కగట్టడం మనవాళ్ళు చేయలేదు, అది పాశ్చాత్యుల ఘనత. నేను చెప్పేది మాటను గురించి. ఎపిడెమియాలజీ అనే గ్రీకు మాటలో ఉన్నది ‘జనం మీద పడినది’ అనే అర్థం. దానిని మన నిఘంటుకారులు ‘సాంక్రామిక వ్యాధి శాస్త్రం’ అన్నారు. ఫ్లోరోసిస్ అంటుకొనే జబ్బా? క్యాన్సరు సంక్రమిస్తుందా? సగం శాస్త్రాన్ని బయటకు నెట్టే అనువాదమది. జనవ్యాధి శాస్త్రం అంటే ఏమి పోయినది? అదీ నచ్చకపోతే ఎపిడెమియాలజీ అనే తెలుగు లిపిలో వ్రాయండి. రైలును ధూమశకటం అనకుండానే ఎక్కాము, దిగాము.

ఈ శాస్త్రంలో రెండు ముఖ్యమైన లెక్కలున్నాయి. ఒక రోజున ఊరిలో మొత్తం ఎందరు రోగులున్నారన్నది ఒకటి. ఒక ఏడాదిలో కొత్తగా ఎందరు రోగులయ్యారన్నది రెండవది. చెరువులో నిలిచి ఉన్న నీరు ఒకటి, ఏటా కొత్తగా వచ్చి చేరే నీరు మరొకటి అంటే ఏడవ తరగతి పిల్లవాడికి అర్థమవుతుంది. వచ్చే నీరు ఆగినా చెరువు వెంటనే ఎండదు. అట్లే, మంచినీళ్ళు వచ్చినా పాత రోగుల సంఖ్య వెంటనే తగ్గదు, కొత్తవారు చేరడం తగ్గుతుంది. ఈ తేడా చెప్పకపోవడంవల్లనే ‘నీళ్ళు మారినా నడుములు బాగుపడలేదే’ అని జనం పథకాన్నే తిట్టుకొంటారు.

కాకి వాలిన క్షణాన తాటిపండు రాలితే, కాకివల్లనే రాలినదనుకోవడం పొరపాటని చెప్పడానికి మన తర్కంలో కాకతాళీయ న్యాయం ఉన్నది. రెండు విషయాలు కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణం కాదని నేర్పడానికి జర్నళ్ళు పుటలకు పుటలు ఖర్చుపెడతాయి. ఉన్నచోట ఉండడం అన్వయం, లేనిచోట లేకపోవడం వ్యతిరేకం. రోగులనూ రోగం లేనివారినీ ఎదురెదురుగా నిలబెట్టి పోల్చే పద్ధతికి ఇంతకంటె దగ్గరి మాటలు ఎక్కడ దొరుకుతాయి? ఇవి తర్కసంగ్రహం చదివే కుర్రవాడికి మొదటి ఏడాది పాఠాలు.

భారతీయ భాషలో వైద్యం చెప్పడం అసాధ్యమని ఇంకా అనేవారు హైదరాబాదులో ఉంటూ అనకపోతే బాగుంటుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడినది, బోధన ఉర్దూలో. అందుకోసం ముందు ఏడే అనువాద విభాగాన్ని పెట్టి పుస్తకాలు సిద్ధం చేయించారు. వైద్యం కూడ ఉర్దూలోనే చెప్పారు. ఆ వైద్యులు వైద్యులు కాకుండా పోయారా?

మా పండితవర్గాన్నీ ఇక్కడ వదలను. 1968లో తెలుగు అకాడమి వచ్చినది, పరిభాష మీద శ్రమించినది. ఆ కాలంలో మాలో కొందరు నాలుక తిరగని సమాసాలు కుట్టి, అవి ఎవరూ వాడకపోతే ‘జాతికి భాషాభిమానం లేదు’ అని సభలలో కన్నీరు పెట్టారు. వాడేవాడి నోటిని చూడకుండా మాట పుట్టించడం, కాలు కొలవకుండా చెప్పు కుట్టడం ఒకటే.

రెండవ ఆక్షేపణ, ప్రజలు భయపడతారన్నది. దానికి జవాబు ఉద్దానంలో ఉన్నది. శ్రీకాకుళం జిల్లాలోని సోంపేట, కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు మొదలైన మండలాలలో మూత్రపిండాల జబ్బు ఎంతటి పీడ అయినదో తెలుగువారందరికీ తెలుసు. మామూలుగా ఆ జబ్బుకు దారితీసే మధుమేహం, రక్తపోటు లేనివారికీ అది వస్తున్నది. అసలు కారణం ఇదీ అని ఇంతవరకు నిర్ధారణ కాలేదు. 2020లో కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్ అనే జర్నల్‌లో ఉద్దానం పేరు శీర్షికలోనే పెట్టుకొని ఒక సమగ్రమైన అధ్యయనం వెలువడినది. చందా లేనివారు కూడ చదవవచ్చును. ఉద్దానం వారు తప్ప! వారికి అందుతున్నది ఏమిటి? నీళ్ళని ఒకరు, పురుగుమందులని ఒకరు, ఎండలో చెమటోడ్చే పని అని ఇంకొకరు. ఈ మూడూ శాస్త్రజ్ఞులు పరిశీలిస్తున్న అనుమానాలే. కాని అనుమానం ఊరికి చేరేసరికి తీర్పయి కూర్చుంటుంది. ‘ఇంతవరకు చూసినది ఇది, తేలినది ఇది, తేలనిది ఇది’ అని అచ్చు తెలుగులో ఒక పుట ఆ పంచాయతీలలో ఉంటే భయం పెరుగుతుందా, తగ్గుతుందా? ‘ఇంకా తెలియదు’ అన్నది కూడ ఒక ఫలితమే. దానినీ దాచితే ఆ ఖాళీలోకి నకిలీ మందులవాడు వచ్చి కూర్చుంటాడు. సంబంధాలు కుదరవు, ఊరికి చెడ్డపేరు వస్తుంది అని కూడ అంటారు. ఫ్లోరైడు ఊళ్ళకు పిల్లనివ్వడానికి జంకడం ఏ జర్నల్ చదివి మొదలైనది?

చింతపండు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. జాతీయ పోషకాహార సంస్థవారు కొద్దిమంది బడిపిల్లలకు రోజూ కొంత చింతపండు పెట్టి చూస్తే, మూత్రంలో ఫ్లోరైడు విసర్జన పెరిగినది. 2002లో యూరోపియన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్‌లో అచ్చయినది. కొద్దిమంది మీద చేసిన చిన్న ప్రయోగం, దానితో జబ్బు నయమవుతుందని ఎవరూ అనలేదు, నేనూ అనను. కాని మన పులుసులో పడే చింతపండును గురించి, మన ఊరి సంస్థ, మన పిల్లల మీద చూసి తెలుసుకొన్న విషయం ఐరోపా పత్రికలో ఉన్నది. దానిని గురించి మన వంటింటికి కబురు లేదు. ఎవరైనా ఈ మాట వింటే నవ్వవలెనో ఏడవవలెనో తెలియదు.

డబ్బు లేదంటారా? ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అనే పథకానికి కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. 2025 నుంచి 2027 వరకు మూడేళ్ళకు, 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 జర్నళ్ళు, 6,300 పైచిలుకు ప్రభుత్వ విద్యా పరిశోధన సంస్థలకు. విద్యార్థులకు మేలే, కాదనను. ఆ జాబితాలో శాఖా గ్రంథాలయం లేదు, ఉన్నత పాఠశాల లేదు, పంచాయతీ లేదు. కొన్ని జర్నళ్ళు అచ్చువేసినందుకు రచయితల వద్దనే వేల డాలర్లు పుచ్చుకొంటాయి. అందులో ఒక పుట తెలుగు వ్రాయించడానికి అయ్యే ఖర్చు ఎంత? భోజనానికి లక్ష ఖర్చుపెట్టి విస్తరాకు దగ్గర పొదుపు చేసినట్లున్నది.

ఇది ఎక్కడా లేని కోరిక కూడ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్ ప్రతి పరిశోధన వ్యాసపు సారాంశాన్ని అరబ్బీ, చైనా, ఫ్రెంచి, రష్యను, స్పానిషు భాషలలోనూ ఇస్తున్నది. అమెరికా ఖండాల ప్రజారోగ్య పత్రిక ఇంగ్లీషుతోపాటు స్పానిషు, పోర్చుగీసు భాషలలో వ్యాసాలే ప్రచురిస్తున్నది. మన ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌కు, ఇండియన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌కు, ఇండియన్ జర్నల్ ఆఫ్ కమ్యూనిటీ మెడిసిన్‌కు అడ్డేమిటి? లండను వారిని అడగడానికి ముందు వీరిని అడగవలెను, వీరు మనవారు. తెలుగు జిల్లాలలో చేసిన పరిశోధనను అచ్చువేయడానికి ఒక్క షరతు పెట్టండి. వ్యాసంతోపాటు ఒక పుట తెలుగు సారాంశం జతపడవలెను. అది పరిశోధన జరిగిన ఊరి పంచాయతీకీ, బడికీ చేరినట్లు రసీదు ఉండవలెను. ఊరి పేరు లోకానికి చెప్పనక్కరలేదు. ఊరికి చెప్పితే చాలు. ఒడియా ప్రాంతానికి ఒడియా, గోండుల గూడేలకు గోండీ, అదే న్యాయం.

యంత్రం అనువాదం చేసి పెడుతున్నది కదా, ఇక ఈ గొడవ ఎందుకని ఈ మధ్య కొందరంటున్నారు. యంత్రం చిత్తుప్రతి వ్రాయనీయండి, నాకు పట్టింపు లేదు. దాని కింద సంతకం ఎవరిది? బోరు నీళ్ళు త్రాగవచ్చునన్న వాక్యంలో ‘కూడదు’ ఎగిరిపోతే ఊరు ఎవరిని నిలదీయవలెను? రచయిత చదివి, సరిచూసి, తన పేరు పెట్టవలెను. ఇంగ్లీషు ప్రతికి పెట్టిన పేరే కదా.

జర్నళ్ళు రేపే వింటాయన్న భ్రమ నాకు లేదు. ఈలోగా నేను చేయగలిగినది చేస్తున్నాను. 1937 నాటి నెల్లూరు వ్యాసానికి, 1955 నాటి నల్లగొండ వ్యాసానికి చెరొక పుట తెలుగు సారాంశం సిద్ధం చేశాను. పైన చెప్పిన వైద్యుడు సరిచూశాడు. మూడు చోట్ల నా మాటలు మార్చాడు, ఒకచోట నేను ఒప్పుకోలేదు, ఇంకా వాదించుకొంటున్నాము. రెండు తెలుగు రాష్ట్రాల ఊళ్ళ మీద ఏ ప్రజారోగ్య వ్యాసం అచ్చయినా, దాని రచయితలు పంపితే తెలుగు చేసి ఇస్తాను. పారితోషికం అక్కరలేదు. పట్టికలు మాత్రం తప్పకుండా పంపవలెను, బావులవారీగా ఉన్నవి.